ఆయన బిల్లు 41 వేలు, మీ ధర ఎంత?

ప్రశ్న: మియాపూర్‌లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మా టీమ్‌లో ఒకతని కస్టమ్ మెకానికల్ కీబోర్డు మీద నాలుగు లైన్లు టైప్ చేసినప్పటి నుంచి నాకూ పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకాయన 65 శాతం సైజు (ఎఫ్ కీల వరసా నంబర్ ప్యాడూ లేని చిన్న సైజు) అల్యూమినియం బోర్డు అమ్మకానికి పెట్టాడు. 2021లో గ్రూప్ బైలో, అంటే తయారీకి ముందే పదిమందీ కలిసి డబ్బు కట్టే పద్ధతిలో, కొన్నాడట. లూబ్ చేసిన (నున్నగా కదిలేలా గ్రీజు రాసిన) స్విచ్‌లు, ఒరిజినల్ జీఎంకే కీక్యాప్స్ (కీల పైతొడుగులు)తో కలిపి తనకి 41 వేలు అయిందనీ, 22 వేలకి ఇస్తాననీ, రూపాయి కూడా తగ్గదనీ అంటున్నాడు. మా ఆవిడ "22 వేలకి లాప్‌టాప్ కూడా కలిపి ఇస్తాడా?" అని అడిగింది. ఈ ధర న్యాయమేనా? లేక కొత్త గ్రూప్ బై ఏదైనా చూసుకోనా? డిసెంబర్‌లో మా పెద్దమ్మగారబ్బాయి డాలస్ నుంచి వస్తున్నాడు, తనతో తెప్పించుకోనా? రోజంతా టైపింగే కాబట్టి సాయంత్రానికి మణికట్టు నొప్పి పుడుతోంది. మంచి కీబోర్డుతో తగ్గుతుందా? ఆదివారాలు తెలుగులో కూడా రాస్తుంటాను, ప్రభుత్వ ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో. తెనాలిలో మాకు డీటీపీ సెంటర్ ఉండేది. నాన్న వాడిన టీవీఎస్ గోల్డ్ కీబోర్డు ఇంకా అటక మీదే ఉంది. (ఒక పాఠకుడు, హైదరాబాద్)

సమాధానం: 22 వేలు ఎక్కువండీ. ఆ బోర్డు మీదే మనసు పడితే 14 వేల దగ్గర మాట మొదలుపెట్టండి, 16 దాటకండి. అసలైతే దాన్ని వదిలేయమనే చెబుతాను. ధర ఒక కారణం. మీరు రాసే తెలుగు ఇంకో కారణం. రెండోది మీరు ఊహించి ఉండరు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ 41 వేల సంగతి చూద్దాం. ఆయన అబద్ధం చెబుతున్నాడని నేను అనుకోవడం లేదు. 2021లో డాలరు దాదాపు 74 రూపాయలు. బోర్డు ఒక 180 డాలర్లు, షిప్పింగ్ 30 వేసుకోండి. దాని మీద కస్టమ్స్, ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) కలిపి 40 శాతం అనుకుంటే ఇల్లు చేరేసరికి దాదాపు 22 వేలు. జీఎంకే బేస్ కిట్ (మామూలు కీలన్నిటికీ సరిపడే సెట్) 140 డాలర్లు, షిప్పింగ్ 20, మళ్లీ అదే డ్యూటీ. అది పదహారున్నర వేలు. స్విచ్‌లు, లూబ్, చిన్నాచితకా కలిపితే 41 వచ్చేస్తుంది. లెక్క సరిపోయింది. అయితే ఇందులో దాదాపు పదిహేను వేలు షిప్పింగ్‌కీ డ్యూటీకీ పోయాయి. అవి ఆ డబ్బాలో లేవు. వాటిని ఆయన మీకు అమ్మలేడు, మీరూ రేపు ఇంకొకరికి అమ్మలేరు. లూబ్ చేసిన కష్టం కూడా అంతే. సెకండ్ హ్యాండ్ బండికి పాత ఓనరు అలాయ్ వీల్స్ వేయించాడని షోరూమ్ బిల్లు పట్టుకుని బేరం ఆడితే మనం ఒప్పుకోం కదా.

వాడిన కీబోర్డుకి ధర కట్టాలంటే పాత బిల్లు పక్కన పెట్టి, అదే పని చేసే వస్తువు ఈరోజు కొత్తది ఎంతకి వస్తుందో చూడాలి. అక్కడి నుంచి కిందికి దిగాలి. ఇప్పుడు మన దేశంలోనే చిన్న చిన్న కీబోర్డు దుకాణాలు ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి. 65 శాతం అల్యూమినియం బేర్‌బోన్, అంటే స్విచ్‌లూ కీక్యాప్స్ లేని ఖాళీ బోర్డు, పది పన్నెండు వేలకి దొరుకుతోంది. ఈ సైజుకి 70 స్విచ్‌లు సరిపోతాయి. మంచివే 25, 30 రూపాయలకి ఒకటి వస్తాయి కాబట్టి రెండు వేలు. శుభ్రమైన పీబీటీ (ఒక గట్టి ప్లాస్టిక్) కీక్యాప్స్ రెండు, రెండున్నర వేలు. మొత్తం పదహారు వేలకి అటూ ఇటూగా కొత్త బోర్డు, బిల్లుతో, వారంటీతో మీ చేతిలో ఉంటుంది. ఏళ్ల తరబడి వాడినది, వారంటీ లేనిది 22 ఎలా అవుతుంది? బోర్డూ స్విచ్‌లూ కలిపి తొమ్మిది వేలు, కీక్యాప్స్ విడిగా అయిదారు వేలు. నేను చెప్పిన 14 అక్కడి నుంచి వచ్చింది. 16 దగ్గర కొత్తదే వచ్చేస్తుంది కాబట్టి అది దాటకూడదు.

"జీఎంకే అంటే జీఎంకేనే, దానికి ధర తగ్గదు" అని ఆయన అంటాడు. ఆ మాటకో చరిత్ర ఉంది. జీఎంకే జర్మనీ కంపెనీ. చెర్రీ అనే కీబోర్డు కంపెనీ వాళ్ల పాత కీక్యాప్ అచ్చులు వీళ్ల చేతికొచ్చాయి. అక్షరాన్ని పైన ముద్రించరు. ఒక రంగు ప్లాస్టిక్‌లో అక్షరం, దాని చుట్టూ ఇంకో రంగు ప్లాస్టిక్ పోస్తారు. దీన్నే డబుల్ షాట్ అంటారు. పదేళ్లు వాడినా అక్షరం చెరగదు. 2020, 21 లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో కూర్చున్న ప్రపంచమంతా కీబోర్డుల మీద పడింది. ఫ్యాక్టరీలో క్యూ పెరిగింది, డబ్బు కట్టాక ఏడాది, ఏడాదిన్నర ఆగితే గానీ సెట్ రాని పరిస్థితి వచ్చింది. ఆగలేనివాళ్లు వాడిన సెట్టుకి కొత్తదాని కన్నా ఎక్కువ పెట్టి కొన్నారు. ఆ రోజుల్లో ఈ వస్తువులు కొని దాచుకుంటే లాభమని కొందరు నిజంగానే నమ్మారు. తర్వాత క్యూ తగ్గింది, మిగిలిపోయిన సెట్లని దుకాణాలవాళ్లే తగ్గింపు ధరకి వదిలించుకున్నారు. అవే రంగుల్లో చైనా నకళ్లు రెండు వేల చుట్టుపక్కల దొరుకుతున్నాయి. నకళ్లు కొనమని నేను చెప్పను, డిజైన్ చేసినవాడికి పైసా వెళ్లదు. కానీ అవి ఉన్నాయి, ధరని కిందికి లాగాయి.

ఒరిజినలా కాదా అని చూడటానికి ఒక కీక్యాప్ పీకి లోపలి వైపు ఫొటో పంపమనండి. డబుల్ షాట్ అయితే వెనక నుంచి కూడా రెండు రంగుల ప్లాస్టిక్ కనబడుతుంది. నకళ్లలో చాలా భాగం ఒకే రంగు పీబీటీ మీద రంగు ఇంకించినవి, లోపల ఏమీ కనబడదు. (నకళ్లలోనూ డబుల్ షాట్‌వి వస్తున్నాయి కాబట్టి కొన్నప్పటి బిల్లు కూడా అడగండి.) ఇంకొకటి, జీఎంకే వాడేది ఏబీఎస్ ప్లాస్టిక్. వేళ్లు తగిలే కొద్దీ నూనె రాసినట్టు మెరుస్తుంది. స్పేస్ బార్, ఏ, ఈ కీల మీద పక్క నుంచి లైటు పడేలా ఫొటో తీయమనండి. మెరుపు బాగా కనిపిస్తే ఆ సెట్టుకి అయిదు వేలు కూడా ఎక్కువే.

బోర్డు ధరలు పడిపోవడానికి వేరే కారణం ఉంది. ఒకప్పుడు ఈ అల్యూమినియం బోర్డులు నూరు, రెండు వందల లెక్కన చేయించేవాళ్లు. దిమ్మని సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మెషిన్‌లో గంటల తరబడి చెక్కాలి, ఆనోడైజింగ్‌లో, అంటే రంగు పట్టించే పనిలో, రంగు తేడా వచ్చినవాటిని పక్కన పడేయాలి. ఆ ఖర్చంతా కొద్దిమంది మీదే పడేది. 2021లో కీక్రాన్ క్యూ1, గ్లోరియస్ జీఎంఎంకే ప్రో లాంటివి వచ్చి అల్యూమినియం కేసు, గాస్కెట్ మౌంట్ (కీల పలకని మెత్తని పట్టీల మీద ఆనించే ఏర్పాటు) అన్నవాటిని వేల సంఖ్యలో తయారు చేశాయి. క్యూ1 బేర్‌బోన్ 149 డాలర్లకి వచ్చింది. ఆ తర్వాత నియో65 లాంటివి ఇంకా కిందికి దిగాయి. అంతకుముందు 300 డాలర్ల బోర్డులో మాత్రమే ఉన్న పనితనం ఇప్పుడు సగం ధరకే వస్తోంది. స్విచ్‌ల కథ దీనికన్నా పాతది. చెర్రీ ఎంఎక్స్ అనే స్విచ్ డిజైన్ మీద పేటెంట్ 2014 ప్రాంతంలో ముగిసింది. గేటరాన్, కైల్, అవుటెము లాంటి చైనా కంపెనీలు అదే ఆకారంలో చేయడం మొదలుపెట్టాయి. మొదట్లో నాసిరకమే. ఇప్పుడు చాలామంది చెర్రీ కన్నా వాటినే ఇష్టపడుతున్నారు, నాతో సహా. అందువల్ల మీ అమ్మకందారుడు చెప్పే 2021 ధరల్లో చాలా భాగం ఇప్పుడు లేని కొరతకి కట్టిన డబ్బు.

ఇక మీ తెలుగు సంగతి. ఇన్‌స్క్రిప్ట్‌లో "ఒ" అక్షరం, "కొ"లో ఉండే ఒత్వం గుర్తు ఎక్కడుంటాయో మీ వేళ్లకి తెలుసు. ఎడమ చేతి పై మూలన, అంకె 1 పక్కనున్న కీ. మామూలుగా నొక్కితే గుర్తు, షిఫ్ట్‌తో ఒ. 65 శాతం బోర్డులో ఎఫ్ కీల వరస ఉండదు కాబట్టి ఎస్కేప్ కీ దిగి వచ్చి సరిగ్గా ఆ మూలలో కూర్చుంటుంది. అక్కడుండాల్సిన కీ ఎఫ్ఎన్ వెనక దాక్కుంటుంది. "కొత్త", "మొదలు", "పొలం", "తొందర" రాసిన ప్రతిసారీ ఎఫ్ఎన్ పట్టుకోవాలి. కొన్ని బోర్డుల్లో రెండు పనులూ చేసే గ్రేవ్ ఎస్కేప్ అనే ఏర్పాటు ఉంటుంది. మామూలుగా నొక్కితే ఎస్కేప్, షిఫ్ట్‌తో నొక్కితే పాత కీ. ఇంగ్లీషు వాళ్లకి అది హాయి. మనకి షిఫ్ట్‌తో "ఒ" పడుతుంది, గుర్తు మాత్రం పడదు. "కొత్త" కోసం నొక్కితే తెరిచిన విండో ఏదో మూసుకుపోతుంది. వియా అనే సాఫ్ట్‌వేర్ పనిచేసే బోర్డయితే కీలని మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు, ఎస్కేప్‌ని క్యాప్స్ లాక్ మీదికి పంపవచ్చు. అలా అలవాటు పడినవాళ్లు ఉన్నారు. కానీ ఆఫీసు కీబోర్డు ఒకలా, ఇంటి కీబోర్డు ఒకలా ఉంటే చేతులు తికమకపడతాయి. పైగా మీరు ప్రోగ్రామరు. డీబగ్ చేస్తూ ఎఫ్5, ఎఫ్10 రోజుకి ఎన్నిసార్లు నొక్కుతారో మీకే తెలుసు.

కాబట్టి 75 శాతం చూడండి. ఎఫ్ వరస ఉంటుంది, ఎస్కేప్ పైనే ఉంటుంది, "ఒ" తన చోట తను ఉంటుంది. మౌస్‌కి జాగా కూడా మిగులుతుంది. హాట్ స్వాప్ కచ్చితంగా ఉండాలి. సోల్డరింగ్ అవసరం లేకుండా స్విచ్‌లని పీకి వేరేవి పెట్టుకునే సాకెట్లు అవి. నచ్చని స్విచ్ కొన్నా నష్టం రెండు వేలకే ఆగిపోతుంది, బోర్డు మొత్తం పారేయక్కర్లేదు. వియా గానీ, దాని అడుగున కీబోర్డు లోపలే నడిచే క్యూఎంకే అనే సాఫ్ట్‌వేర్ గానీ పనిచేస్తుందో లేదో కొనేముందు చూసుకోండి.

డబ్బు మాటకొస్తే, అయిదారు వేలలో ఔలా ఎఫ్75 లాంటి ప్లాస్టిక్ బోర్డులు వస్తున్నాయి. డబ్బా తెరవగానే బాగా మోగుతాయి. ఈ రంగంలో అందరూ వెతికే ఆ "థాక్" అనే బొంగురు చప్పుడు చాలావరకు ఇందులోనే ఉంది. లోపల నురుగు పొరలు కుక్కి తెచ్చిన చప్పుడు అది, అయినా బాగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం నాకు నచ్చదు. ఎనిమిది తొమ్మిది వేలలో కీక్రాన్ వీ సిరీస్ లాంటివి ప్లాస్టిక్ కేసుతోనే వస్తాయి, వాటిలో క్యూఎంకే, వియా ఉంటాయి. మీకు నేను చెప్పేది ఈ మెట్టు. పదిహేను, ఇరవై వేల మధ్య అదే కంపెనీ అల్యూమినియం క్యూ సిరీస్ ఉంది. ఎనిమిది వేల బోర్డులో మంచి స్విచ్‌లు, సరిగ్గా లూబ్ చేసిన స్టెబిలైజర్లు (స్పేస్ బార్ లాంటి పొడవైన కీలు సమంగా దిగేలా చూసే తీగలు) పెట్టి, కళ్లకి గంతలు కట్టి పక్కన ఇరవై వేలది పెడితే వేళ్లకి తెలిసే తేడా తక్కువే. బరువులో తెలుస్తుంది, చప్పుడులో కొంత తెలుస్తుంది, చూపుకి బాగా తెలుస్తుంది. అందం కోసం డబ్బు పెట్టడం తప్పేమీ కాదు, నా బల్ల మీద కూడా బరువైనదే ఉంది. టైపింగ్ సుఖం కోసమే అయితే మాత్రం ఎనిమిది వేల దగ్గర ఆగిపోవచ్చు. మీ ఆవిడ అడిగిన ప్రశ్నకి కూడా ఈ అంకె చెబితే ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది.

స్విచ్ ఎంచుకునే ముందు అటక ఎక్కండి. టీవీఎస్ గోల్డ్ మామూలు కీబోర్డు కాదు. చాలా ఏళ్లు అది క్లిక్‌మనే చెర్రీ బ్లూ స్విచ్‌లతో వచ్చింది. ఈ సరదా ఇక్కడికి రాకముందే మన డీటీపీ సెంటర్లలోనూ కౌంటర్లలోనూ టకటకలాడిన మెకానికల్ కీబోర్డు అదే. దుమ్ము దులిపి, కీక్యాప్స్ పీకి సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టి వాడి చూడండి. పాతది కాబట్టి ప్లగ్గు గుండ్రటి పీఎస్2 అయి ఉండొచ్చు. యాభై రూపాయల అడాప్టర్‌తో చాలాసార్లు పనిచేయదు, లోపల చిప్ ఉన్న యాక్టివ్ కన్వర్టర్ అడిగి కొనండి. వారం పది రోజులు దాని మీద రాస్తే, మీకు క్లిక్ నచ్చుతుందా లేదా అన్నది పెద్ద ఖర్చు లేకుండా తేలిపోతుంది. కాల్స్‌లో అవతలివాళ్లకి మీ మాట కన్నా మీ కీలే ఎక్కువ వినిపిస్తే బ్లూ మీకు కాదు. అప్పుడు నున్నగా దిగే లీనియర్ స్విచ్‌లు తీసుకోండి. గేటరాన్ యెల్లో చవక, మొదటిసారికి అంతకన్నా అక్కర్లేదు. మధ్యలో చిన్న గతుకు తగలాలనిపిస్తే టాక్టైల్. బ్రౌన్ పేరుతో వచ్చేవాటిలో ఆ గతుకు తెలిసీ తెలియనట్టు ఉంటుంది, కాబట్టి కొనేముందు ఎవరిదైనా ఒకటి నొక్కి చూడండి. యూట్యూబ్‌లో వినిపించే చప్పుడుని బట్టి కొనకండి. మైకు ఎక్కడ పెట్టారు, బల్ల మీద మ్యాట్ ఉందా, గది ఖాళీగా ఉందా అన్నదాన్ని బట్టి ఒకే బోర్డు పది రకాలుగా వినిపిస్తుంది.

గ్రూప్ బై గురించి అడిగారు. మొదటి కీబోర్డుకి వద్దు. గ్రూప్ బై అంటే డిజైన్ బొమ్మ చూసి ముందే పూర్తి డబ్బు కట్టడం. తగినంతమంది చేరితే ఫ్యాక్టరీకి ఆర్డరు వెళుతుంది, తర్వాత నెలలు, ఒక్కోసారి ఏళ్లు. ఆ డబ్బుకి వడ్డీ లేదు, హామీ లేదు. వస్తువు చేరకుండానే మూతపడిన దుకాణాలు విదేశాల్లో ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద కట్టినా, వస్తువు రాలేదని మీరు గ్రహించేసరికి బ్యాంకులో వివాదం పెట్టే గడువు దాటిపోయి ఉండే ప్రమాదం ఉంది. బొమ్మలో చూసిన రంగు చేతికొచ్చేసరికి మారవచ్చు, అప్పటికి మీ మనసూ మారవచ్చు. ఏ సైజు, ఏ స్విచ్, ఏ చప్పుడు కావాలో మీకు ఇంకా తెలియదు. తెలిశాక, పోయినా ఫర్వాలేదనుకునే డబ్బుతో చేరండి.

డాలస్ దారి గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వ్యాపారులు దిగుమతి చేసుకునే కీబోర్డుల మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ లేదు. 1996 నాటి ఐటీ వస్తువుల అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం కూడా చేరింది, కీబోర్డులు ఆ జాబితాలో ఉన్నాయి. వాళ్లకి పడేది 18 శాతం జీఎస్టీ. మీరు సొంతానికి విదేశం నుంచి పార్సిల్ తెప్పిస్తే అది కీబోర్డా కుక్కరా అని విడిగా చూడరు. వ్యక్తిగత వాడకానికి వచ్చే వస్తువుల్లో చాలావాటికి ఒకే పద్దు, దాని డ్యూటీ వేరు. ఆ రేట్లు మారుతుంటాయి. వస్తువు ధరకి షిప్పింగ్ కూడా కలిపి, ఆ మొత్తం మీద ఇంకో 40 శాతం పక్కన పెట్టుకోవడం నా పద్ధతి. కొరియర్ వాళ్ల హ్యాండ్లింగ్ ఛార్జీ, కార్డు మీద ఫారెక్స్ మార్కప్ దాని పైన. 2020 నవంబర్‌లో అలీ ఎక్స్‌ప్రెస్‌ని మన ప్రభుత్వం నిషేధించాక చవక దారి ఎలాగూ మూసుకుపోయింది. అందువల్ల ఇక్కడి దుకాణంలో ధర చూసి "అమెరికాలో ఇంత తక్కువే కదా" అని తొందరపడి తిట్టుకోకండి.

మనిషి సూట్‌కేసులో తెస్తే ఈ గొడవ లేదు. ప్రయాణికులకి డ్యూటీ లేకుండా తెచ్చుకునే పరిమితి ఉంది, ఒక కీబోర్డు అందులో హాయిగా ఇముడుతుంది. మరి ఎందుకు వెనకాడుతున్నానంటే, ఈ బోర్డుల్లో చాలావరకు తయారయ్యేది చైనాలో. 2025లో అమెరికా చైనా వస్తువుల మీద సుంకాలు పెంచాక అక్కడి ధరలే పైకి పోయాయి. నియో బోర్డులు చేసే క్వెర్టీకీస్ ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికాకి పంపడమే కొన్నాళ్లు ఆపేసింది. వెబ్‌సైటులో కనిపించే ధర మీద టెక్సస్‌లో ఎనిమిదింబావు శాతం దాకా సేల్స్ ట్యాక్స్ పడుతుంది. అల్యూమినియం బోర్డు రెండు కేజీల దాకా తూగుతుంది. చెడిపోతే వారంటీ అమెరికాలోనే, పంపే ఖర్చు మీదే. ఇన్ని లెక్కలు తీసేశాక మిగిలేది కొద్దిగా ఉంటే ఉంటుంది, ఉండకపోతే లేదు. మీ అన్నయ్యని బరువులేని వస్తువు అడగండి. ఇక్కడ దొరకని కీక్యాప్స్ సెట్ ఏదైనా నచ్చితే అక్కడ క్లియరెన్స్ సేల్‌లో దొరుకుతుందేమో చూడమనండి. సెట్టు మొత్తం అరకేజీ చుట్టుపక్కలే ఉంటుంది, పగిలేది కాదు, వారంటీ గొడవ లేదు.

మణికట్టు నొప్పి కీబోర్డు మార్చినంత మాత్రాన పోదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఈ బోర్డుల ముందు అంచు ఎత్తు రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, మీ లాప్‌టాప్ అంచు కన్నా చాలా ఎక్కువ. చేయి బల్ల మీద ఆనించి వేళ్లు పైకెత్తితే మణికట్టు వెనక్కి వంగుతుంది. కీబోర్డు వెనక కాళ్లు మడిచేయండి, కుర్చీ ఎత్తు పెంచి మోచేతులు కీల మట్టానికి వచ్చేలా చూసుకోండి, అరచేతి కింద ఆనించుకునే చెక్క రెస్టు ఒకటి కొనుక్కోండి. తేలిక స్విచ్‌లతో వేళ్ల అలసట కొంత తగ్గుతుంది. బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా ఆ ఎనిమిది వేలలోంచి కన్సల్టేషన్ ఫీజు తీసి ముందు డాక్టరుకి చూపించండి.

ఇంత చెప్పాక కూడా ఆ 65 శాతం బోర్డే కావాలనిపిస్తే, డబ్బు ముందు పంపకండి. యూపీఐలో వెళ్లిన డబ్బు తిరిగి రాబట్టడం చాలా కష్టం. ఇవాళ్టి తేదీ, ఆయన యూజర్ పేరు కాగితం మీద రాసి బోర్డు పక్కన పెట్టి ఫొటో తీసి పంపమనండి. ఈ సరదాలో ఉన్నవాళ్లెవరూ దానికి నొచ్చుకోరు. హాట్ స్వాపా, సోల్డర్ చేసిందా అడగండి. సోల్డర్ అయితే ఇంకో రెండు వేలు తగ్గించండి. పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) పోతే విడిగా దొరుకుతుందా అన్నది అంతకన్నా ముఖ్యం. 2021 నాటి చిన్న గ్రూప్ బై బోర్డులకి చాలావాటికి ఇప్పుడు పీసీబీ దొరకదు, అది పోతే మిగిలేది అందమైన పేపర్ వెయిట్. ఆయనా హైదరాబాద్‌లోనే ఉంటే మెట్రో స్టేషన్ దగ్గర కలిసి, మీ లాప్‌టాప్‌కి తగిలించి, బ్రౌజర్‌లో కీ టెస్టర్ పేజీ తెరిచి ప్రతి కీ నొక్కండి. స్పేస్, ఎంటర్, ఎడమ షిఫ్ట్ రెండు చివర్లా నొక్కి చూడండి. గలగలమంటే స్టెబిలైజర్లు సరిగ్గా చేయలేదన్నమాట, ఆయన లూబ్ కష్టం మీద మీరు వేయాల్సిన మార్కులు అక్కడే తేలతాయి. ఇదే పరీక్ష కొత్త బోర్డుకి కూడా, డబ్బా వచ్చిన రోజే చేయండి. చాలా దుకాణాల్లో రిటర్న్ గడువు చిన్నది, డబ్బా తెరుస్తూ తీసిన వీడియో లేకపోతే ఫిర్యాదు కూడా తీసుకోరు.